వదిన కోసం బోర్డు

ఫిబ్రవరి 11

ఇవాళ అలలు బాగా లేవు.

రాశాక చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఈ ఏడాదిలో ఇంత మంచి పొద్దు రాలేదని ఒడ్డు మీద జనం చంకలు గుద్దుకుంటున్నారు. వాళ్ళకేం తెలుసు? అల ఎంత మంచిదైనా, మనిషి లేచి నిలబడేంత సందివ్వాలి కదా. ఇవాళ్టివి ఇవ్వలేదు. పట్టిన ప్రతి అల మీదా కుడి పాదం రావలసిన చోటికి మోకాలు వచ్చి కూర్చుంది. ఒడ్డుదాకా మోకాళ్ళ మీదే వచ్చాను, గచ్చు తుడిచేదానిలా.

సర్ఫింగు బోర్డుకి కాళ్ళు జారకుండా రుద్దిన మైనం పాతబడింది. అదీ కారణం.

ఊడ్చేవాళ్ళు మాత్రం పండగ చేసుకున్నారు. బోర్డు మీద కర్రలా నిలబడి, పొడుగాటి తెడ్డుతో నీళ్ళని అటూ ఇటూ నెట్టుకుంటూ తిరిగే జాతి. ఊడ్చేవాళ్ళని వాళ్ళకి పేరు పెట్టింది నేనే. ఇప్పుడు అందరి నోటా అదే. మేము పొడుగు బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులతో ఈదుకుంటూ వెళ్ళి, అల కోసం మర్యాదగా కాచుకుని కూర్చుంటాం. వీళ్ళు ఎత్తు మీంచి ముందే చూసేసి, ముందే తెడ్డు వేసేసి, ముందే ఎక్కేస్తారు. సినిమా హాల్లో మన ముందు లేచి నిలబడి చూసే రకం.

అందులో మా బావ ఒకడు. అక్క మొగుడు. నాకు బోర్డు ఎక్కడం నేర్పిందే ఆయన. అప్పటికి నాకు పెళ్ళి కూడా కాలేదు. ఇన్నేళ్ళూ పక్కపక్కనే ఈదాం. అలాంటి మనిషి రెండేళ్ళ కిందట ఒక పొద్దున తలుపంత బోర్డు, ఒక తెడ్డు పట్టుకుని దిగాడు. అందరి ముందూ చెప్పేశాను. "బావా, ఒడ్డు మీద నువ్వు మా అక్క మొగుడివి. నీళ్ళల్లో నువ్వెవరో నాకు తెలీదు."

"సరే," అన్నాడు.

ఆ మాట మీదే ఇద్దరం ఉన్నాం. ఆదివారం వాళ్ళింట్లో పక్కపక్కన కూర్చుని భోంచేస్తాం. నీళ్ళల్లో ఒకరి మొహం ఒకరం చూసుకోం.

ఫిబ్రవరి 12

కొత్త మైనం రుద్దాను. మళ్ళీ మోకాలే.

ఫిబ్రవరి 15

మోకాలికి ఏమీ లేదు.

ఫిబ్రవరి 19

మా ఆసుపత్రి ఎముకల డాక్టరు వరండాలో పట్టుకున్నాడు. "ఏంటమ్మా, కుంటుతున్నారు?" అన్నాడు. కొత్త చెప్పులని చెప్పాను. ఆయన నా కాళ్ళకేసి చూశాడు. చెప్పులు పాతవి. ఇలాంటి వాటికి మాత్రం కళ్ళు బాగా పనిచేస్తాయి. నిన్న ఎడమ చేతికి ఎక్స్‌రే తీయాల్సి ఉంటే కాగితం మీద కుడి చెయ్యి అని రాసి నా దగ్గరికి పంపింది ఈయనే.

భోజనాల వేళ ఎక్స్‌రే గదిలో ఎవరూ లేరు. నాతో పనిచేసే ఆవిడని మీట నొక్కమని, బల్ల ఎక్కి పడుకున్నాను. ఊరికే. యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడటానికి. ఊళ్ళో వాళ్ళ మోకాళ్ళన్నీ తీసినదాన్ని, నా మోకాలు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఎవరికైనా ఉంటుంది.

బొమ్మ బాగా రాలేదు. కదిలినట్టున్నాను.

మార్చి 1

ఇవాళ జరిగింది రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

బాగా లోపలికి వెళ్ళాక కుడికాలు పట్టేసింది. మోకాలు కాదు, పిక్క. బోర్డు మీద బోర్లా పడి ఉన్నాను, చేతులు కదుపుదామంటే నడుం దాకా లాగుతోంది. అల వెనక అల నా మీంచి వెళ్ళిపోతోంది. ఇంతలో పక్కన నీడ పడింది. తలుపంత బోర్డు. దాని మీద మా బావ.

మాట్లాడకూడదు కనక మాట్లాడలేదు. వంగి, బోర్డు జారిపోకుండా తన కాలికి కట్టుకున్న తాడు విప్పి, కొస నా మీద పడేశాడు. పట్టుకున్నాను. పట్టుకోకుండా ఏం చెయ్యను? నన్నూ నా బోర్డునీ వెనక కట్టుకుని, నిలబడి తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకి లాక్కొచ్చాడు, చెడిపోయిన కారుని లాగినట్టు. దిగాక తాడు చుట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

ఒడ్డు మీద ఎవరో వెధవ చప్పట్లు కొట్టాడు.

మార్చి 2

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. నీళ్ళంటే ఆయనకి బకెట్లో ఉన్నవే. అయినా సలహా ఇవ్వడానికి ఏం అడ్డు? టీ తాగుతూ, "మీ బావగారిది లాంటిది నువ్వూ ఒకటి కొనుక్కోరాదూ?" అన్నారు.

"ఈ వయసులో నన్ను చీపురు పట్టమంటారా?"

"ఇంట్లో ఎలాగూ నేనే పడుతున్నా. నువ్వు అక్కడ పట్టు."

లేచి వచ్చేశాను. ఈ మనిషికి హాస్యం ఎప్పుడు అబ్బిందో.

మార్చి 8

బస్సెక్కి రెండు ఊళ్ళు దాటి వెళ్ళాను. ఇక్కడి దుకాణంలో అడిగితే సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. తెలిస్తే ఏం? ఏమీ లేదు. ఊరికే చూడటానికే వెళ్ళాను. శత్రువు దగ్గర ఏం సరుకుందో తెలుసుకోవాలి కదా.

దుకాణం పెద్దది. బోర్డులన్నీ గోడకి చేరేసి ఉన్నాయి, అమ్మకానికి పెట్టిన తలుపుల్లాగే. గడ్డం పెంచుకున్న ఒకాయన ఎదురొచ్చాడు. పొట్ట చూస్తే ఆయన అల ఎక్కి చాలాకాలమై ఉంటుందనిపించింది.

"మీకేనా అండీ?"

"మా వదినకి," అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. మా ఆయన అక్కగారు. షవర్ కింద నిలబడితే ఊపిరాడదని చెంబుతో పోసుకునే మనిషి.

ముందు గాలి కొట్టే బోర్డు చూపించాడు. మడిచి సంచీలో పెట్టుకోవచ్చట, దాని మీద యోగా కూడా చేసుకోవచ్చట.

"ఆవిడ అలల మీద తిరిగే మనిషి," అన్నాను. "మీ నాన్నగారికి కూడా నేర్పగలదు."

"అలాగా! మరి తెడ్డు బోర్డు కొత్తే కదా?"

"అందులో నేర్చుకోవడానికి ఏముంది?"

గడ్డాయన గడ్డం దువ్వుకున్నాడు. పొడుగు బోర్డు మీద ఎంత అనుభవం ఉన్నా, నిలబడి తెడ్డు వేయడం వేరట. అల మీద కాదట కష్టం, అల కోసం ఆగి ఉన్నప్పుడు ఆ కుదుపులో నిలబడటమట. మొదటిది వెడల్పుగా, మందంగా ఉండాలట. మనిషి బరువుని బట్టి బోర్డు ఎన్ని లీటర్ల పరిమాణం ఉండాలో చూసుకోవాలట, లేకపోతే కాళ్ళ కింద మునుగుతుందట.

"వదినగారి బరువెంత?"

చెప్పాను.

అంటే, ఒక సంఖ్య చెప్పాను. ఒకప్పుడు నేను ఉన్న బరువే. ఊరికే పుట్టించింది కాదు.

"అయితే తేలికపాటి మనిషే," అని గడ్డాయన లోపల్నుంచి ఒకటి తెచ్చాడు. తెల్లగా, సన్నగా, ముక్కు గుండ్రంగా. తెడ్డు పక్కన పెడితే ఎవరూ తెడ్డు బోర్డనుకోరు. నా పొడుగు బోర్డుకి చెల్లెలిలా ఉంది. దాని పక్కనే ఇంకొకటి, వెడల్పుది, పసుపుపచ్చది ఉంది. "మొదటిసారికి నేనైతే ఇదే ఇస్తాను, తక్కువ బరువైనా సరే," అన్నాడు. చూడ్డానికి ఆసుపత్రి మంచంలా ఉంది.

తెల్లది తీసుకున్నాను. తెడ్డు కూడా. అలల్లోకైతే తల కంటే నాలుగు వేళ్ళే ఎత్తుండాలన్నాడు. "వదినగారి ఎత్తెంత?" అన్నాడు. "నా అంతే," అన్నాను. అదొక్కటే నిజం చెప్పాను.

మార్చి 9

బోర్డుని దుప్పట్లో చుట్టి సామాను గదిలో పెట్టాను. మా ఆయన చూశారు. మీ అక్కయ్యకి పుట్టినరోజు కానుక అని చెప్పాను. ఆయన తలూపారు.

తలూపి ఊరుకునే మనిషైతే నా జీవితం ఇలా ఎందుకుంటుంది? ఫోను చేసి అక్కగారికి చెప్పేశారు. వదిన కేక ఫోన్లోంచి వంటింటిదాకా వినిపించింది. "నాకెందుకురా అది? మీ ఆవిడ నన్ను ముంచేద్దామనుకుంటోందా?"

మార్చి 12

పడవల రేవు వెనక కాలువ ఉంది. అలల్లేవు, మనుషుల్లేరు, కంపు మాత్రం ఉంది. తెల్లారగానే వెళ్ళాను.

ఎక్కాను. పడ్డాను.

ఎక్కాను. పడ్డాను.

మునుగుతుందన్నాడే గడ్డాయన, నిజంగానే మునిగింది. నిలబడితే పాదాల పైదాకా నీళ్ళొచ్చాయి. గడ్డాయన అబద్ధాలకోరు. వదిన బరువు మనిషికి సరిపోతుందన్నాడు.

కుక్కని తిప్పుతున్న ఒకావిడ గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది. "ఏమైనా పారేసుకున్నారా అండీ?" అని అడిగింది. కుక్క కూడా నన్నే చూస్తోంది.

మార్చి 14

నిలబడ్డాను! మోకాలు కూడా ఏమీ అనలేదు. ముందు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, తీరుబడిగా లేవొచ్చు. అల ముంచుకొస్తోందని ఎగిరి లేవనక్కరలేదు.

దీనికి మోకాలితో సంబంధం లేదు. మోకాలికి ఏమీ లేదు.

మార్చి 16

కాలువలో ఈ చివర నుంచి ఆ చివరికి పడకుండా వెళ్ళాను. కాలువ నాకు చాలదు.

మార్చి 20

పొద్దున్నే, ఎవరూ రాకముందే సముద్రానికి తీసుకెళ్ళాను. ఎవరూ రాకముందే అనుకున్నాను. బావ ఉన్నాడు. నిలబడి, తెడ్డు మీద గడ్డం ఆనించుకుని, బస్సు కోసం చూస్తున్నవాడిలా ఉన్నాడు. నన్ను చూశాడు. నా చేతిలో తెడ్డు చూశాడు. తల తిప్పుకున్నాడు. మాట మాటే.

వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే భయపడ్డానని అనుకుంటాడు.

సముద్రం కాలువ కాదు. ఒక్కచోట నిలవదు, ఒక్క తీరున కదలదు. నాలుగుసార్లు పడి లేచేసరికి చేతుల్లో సత్తువ లేదు. అప్పుడొచ్చింది అల. మంచి అల, ఎంత మంచిదో ఎవరికైనా తెలుస్తుంది. తెడ్డు రెండుసార్లు వేశానో లేదో బోర్డు అందుకుంది. నిలబడే ఉన్నాను! ఈ మధ్య ఎప్పుడూ లేనంత ఎత్తుగా, రెండు కాళ్ళ మీదా, అల మీద. కేక పెట్టాననుకుంటాను.

బోర్డు ముక్కు మునిగింది. నేనొకవైపు, తెడ్డు ఒకవైపు. బోర్డు బాణంలా వెళ్ళింది. కాలి తాడు ఉందిలే అనుకున్నాను. తాడు సరిగ్గా బిగించలేదు, ఊడొచ్చింది. పైకి తేలేసరికి బావ బోర్డు ఖాళీగా ఉంది.

నేనే ఈదుకుంటూ వెళ్ళాను. ఎలా వెళ్ళానో తెలీదు. బావ తన బోర్డు అంచు పట్టుకుని, రెండో చేత్తో పక్క నొక్కుకుని, నోరు తెరిచి గాలి కోసం చూస్తున్నాడు. మొహం పాలిపోయింది.

"బావా! బావా! ఎక్కడ తగిలింది?"

చాలాసేపు మాట రాలేదు. వచ్చాక కూడా ముక్కలు ముక్కలుగా వచ్చింది. "నువ్వెవరో... నాకు తెలీదు. ఆ బోర్డు మాత్రం తెలుసు. మీ వదినది కదూ?"

ఈసారి నేను లాక్కొచ్చాను.

మార్చి 20, సాయంత్రం

ఎక్స్‌రే గదికి వేరే వాళ్ళని పంపమన్నాను. "నువ్వే తీయ్," అన్నాడు బావ. "తెలిసిన చెయ్యి."

చొక్కా విప్పాడు. పక్కన అడ్డంగా కమిలిపోయి ఉంది, బోర్డు అంచు వెడల్పున. ఇన్నేళ్ళుగా ఈ వీపుని ముందు చూస్తూ ఈదినదాన్ని. ఇంత ముసలిదైందని గమనించలేదు. పలకకి ఆనించి నిలబెట్టాను.

"ఊపిరి తీసుకో బావా. బిగపట్టు. కదలకు."

"కదిలేట్టుంటే ఇక్కడికెందుకు వస్తాను?"

రెండు పక్కటెముకలు చిట్లాయి. తెర మీద చూపించాను. చూసి, "సరే, ఇప్పుడు నీది చూపించు," అన్నాడు.

"నాదేంటి?"

"మోకాలు. తీయించుకున్నావటగా. ఆ మీట నొక్కినావిడ చెప్పింది."

ఈ ఆసుపత్రిలో ఒక్క మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. తెరిచాను. ఏం చేస్తాను? బావ దగ్గరికి జరిగి, కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. బస్సులు నడిపిన మనిషికి ఎముకల గురించి ఏం తెలుస్తుంది?

"బాగానే ఉందిగా. ఈ రెండిటి మధ్యా ఏముంది?"

"ఏమీ లేదు."

"అదే, ఏమీ లేదుగా."

"ఏమీ లేదు బావా. మెత్తగా ఒకటి ఉండాలి. అది లేదు. ఎముక మీద ఎముక కూర్చుంది."

నేను కావాలనే తెర కట్టేయలేదు. బొమ్మ చక్కగా వచ్చింది. నేను తీసిన వాటిల్లో ఇంత స్పష్టంగా వచ్చినవి తక్కువ.

"నాకు మెడ," అన్నాడు బావ చొక్కా తొడుక్కోబోయి, తొడుక్కోలేక ఆగి. "బోర్లా పడుకుని తలెత్తి ఈదితే వేళ్ళ దాకా తిమ్మిరి. స్టీరింగు మీద గడిపిన మెడ కదా. నిలబడితే ఏమీ ఉండదు. అందుకే తెడ్డు."

"చెప్పలేదేం?"

"నువ్వడగలేదు."

"నేనడగలేదా?"

"తిట్టావు. అడగలేదు."

చొక్కా చేతులు నేనే తొడిగాను.

మార్చి 22

అక్క వచ్చి వాకిట్లోనే మొదలుపెట్టింది. "నా మొగుడు బతికుండటం నీకు ఇష్టం లేకపోతే మొహం మీద చెప్పవే." మా ఆయన టీ పెట్టి ఇచ్చారు. అక్క టీ తాగి, మళ్ళీ తిట్టి, వెళ్తూ వెళ్తూ, "ఆయన బోర్డు మా వరండాలో అడ్డంగా ఉంది. తీసుకుపో. నీకిమ్మన్నాడు," అంది.

నాకక్కర్లేదన్నాను.

మార్చి 25

తెచ్చాను. వరండాలో అక్కకి అడ్డంగా ఉందని.

ఏప్రిల్ 2

బావ నడుముకి పట్టీ బిగించుకుని, మడత కుర్చీ తెచ్చుకుని ఒడ్డున కూర్చున్నాడు. డాక్టరు ఇంట్లో ఉండమన్నాడు. ఇంట్లో అక్క ఉందట.

జనం అందరూ వచ్చాకే దిగాను. ఎలాగూ తెలిసేదే. తలుపంత బోర్డు నెత్తిన పెట్టుకుని, తెడ్డు చంకలో పెట్టుకుని వాళ్ళ మధ్య నుంచే నడిచాను. ఈత మాస్టారు, మంచివాడే, నోరు ఆపుకోలేక, "ఏంటి మేడం, ఊడవడానికేనా?" అన్నాడు. పగలబడి నవ్వారు. నేను పెట్టిన పేరు. బాగానే పెట్టాను, ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"అవును. కాళ్ళెత్తి కూర్చోండి," అన్నాను.

బావ నవ్వి, పక్క పట్టుకుని, నొప్పికి మెలికలు తిరిగాడు. తగిన శాస్తి.

లోపలికి వెళ్ళాక అరుపులు మొదలయ్యాయి. "కాళ్ళు దగ్గరగా పెట్టకే! రైలు కోసం నిలబడ్డావా? మోకాళ్ళు వంచు! అంత వంచకు!" ఒడ్డు మీద ప్రతి మనిషీ విన్నాడు. తెడ్డు ఊరికే ఊపడం కాదు, ఎప్పుడూ నీళ్ళల్లో ఉంచాలి, అదే చేతికర్ర అని అరిచాడు. చేతికర్ర అట.

అది నిజమే. తెడ్డు నీళ్ళల్లో ఉన్నంతసేపూ పడలేదు.

ఒకసారి ఊపిరి తీసుకుందామని అలలు విరిగే చోటు దాటి నిలబడ్డాను. ఇన్నేళ్ళూ నీళ్ళకి జానెడు ఎత్తులో తల పెట్టుకుని ఈ సముద్రాన్ని చూశాను. ముందున్న అల తప్ప కనిపించేది కాదు. నిలబడితే దాని వెనకది, దాని వెనకది, ఇంకా దూరంగా అల అవుదామా వద్దా అని ఉన్నది కూడా కనిపిస్తోంది. అన్నీ ఒకదాని వెనక ఒకటి నా వైపే వస్తున్నాయి.

పాపిష్టివాళ్ళు, ఇన్నాళ్ళూ ఇది వాళ్ళొక్కళ్ళే చూశారు.

ఏప్రిల్ 17

బావ తలుపు నాకు ఎక్కువైంది. అల మీద తిప్పాలంటే మంచం జరిపినట్టుంది. తెల్లది తక్కువైంది. గడ్డాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. బావ కూడా వచ్చాడు.

గడ్డాయన గుర్తుపట్టాడు. "వదినగారికి సరిపోయిందా అండీ?"

నేను నోరు తెరిచేలోపల బావ అందుకున్నాడు. "వదినగారు ఉన్నట్టుండి లావెక్కారండీ. కొంచెం పెద్దది చూపించండి."

"ఎంత అయ్యారు?"

ఇద్దరూ నాకేసి చూశారు. చెప్పాను. ఇప్పటిది. గడ్డాయన మొహంలో ఏమీ కదల్లేదు, అందుకే ఆయన మీద కొంచెం గౌరవం కలిగింది.

తెల్లది వెనక్కి తీసుకున్నాడు. ముక్కు దగ్గర చిన్న సొట్ట చూసి, "ఎక్కడ తగిలింది?" అన్నాడు. బావ చొక్కా ఎత్తి చూపించబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

మూడు బోర్డులు నేల మీద పెట్టించి ఒక్కోదాని మీదా నిలబడి చూశాను. అక్కడే చాపల మీద, కొనే జనం మధ్యలో, తెడ్డు పట్టుకుని. ఒకటి మరీ పొడుగు, నా పాత బోర్డులా ఉండాలని ఎంచుకున్నది. "అదొద్దు. నీ పాతది ఇంట్లో ఉంది. ఇది వేరే పని చెయ్యాలి," అన్నాడు బావ. చివరికి నా చూపు దాని మీదికే పోయింది, పసుపుపచ్చ మంచం మీదికి. వెడల్పు సరిపోయింది. మందం సరిపోయింది. మధ్యలో నిలబడితే పాదాలకి ఎక్కడుండాలో తెలిసింది. తోక సన్నగా ఉంది, తిరుగుతుంది.

రంగు మాత్రం అసహ్యం.

మే 6

బావ ఇంకా దిగకూడదు. కుర్చీ మార్చాడు, గొడుగున్నది తెచ్చుకున్నాడు.

అలలు నడుమెత్తు. శుభ్రంగా, వరసగా. బయటి వరస నేనే ముందు చూశాను. మూడు తెడ్లు వేసి తిరిగి, ఇంకో రెండు వేసి అందుకున్నాను. పడలేదు. అల కుడివైపు తెరుచుకుంటూ పోయింది, నేను దాని వెంట పోయాను. తెడ్డు లోపలివైపు నీళ్ళల్లో ఆనించి కొంచెం వాలితే బోర్డు తిరిగింది. మళ్ళీ వాలాను, మళ్ళీ తిరిగింది. మోకాలు నొప్పెట్టింది. ఒడ్డు దగ్గర నీళ్ళు పలచబడేదాకా దిగలేదు.

తిరిగి లోపలికి వెళ్తుంటే పొడుగు బోర్డు మీద బోర్లా పడుకున్న ఒకాయన అడ్డొచ్చాడు. కొత్త మొహం. నా వయసుకి ఐదారేళ్ళు తక్కువ. మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"ఏమండీ, ఆ కర్ర పట్టుకుని నిలబడితే అలలన్నీ మీకేనా? మేమంతా ఇక్కడ ఎదురుచూడటం లేదా?"

"లేచి నిలబడండి, మీకూ కనిపిస్తాయి," అన్నాను.

ఏదో గొణుక్కున్నాడు. ఏం గొణుక్కున్నాడో నాకు అక్షరం అక్షరం తెలుసు.

వరసలో వచ్చిన పెద్దది నేను తీసుకున్నాను. తర్వాతది ఆయనకి వదిలేశాను. చిన్నదే.